యారాండ్ల పడవ

బొంబాయి పక్కన మా భివండిల శుక్రవారం మగ్గాలు ఆగుతయి. వారమంతా చెవుల మోగిన సప్పుడు ఒక్కపారి బందైతే మా పద్మనగర్‌ల మనుషులకు ఏం తోచదు. మగోళ్లు పండుకుంటరు. ఆడోళ్లం బట్టలు పిండుకుంటం, బియ్యం ఏరుకుంటం, ఇంకా పొద్దు మిగిలితే తీరువాటంగ కొట్లాడుకుంటం. నేనూ నా యారాలూ, అంటే నా మరిది పెండ్లామూ, కొట్లాడుకున్నది కూడా ఒక శుక్రవారమే. నా మిక్సీ మూత పలిగింది. తీస్కపోయినప్పుడు మంచిగుండె అని నేను, తిరిగిచ్చినప్పుడు కూడా మంచిగనే ఉండె అని ఆమె. మేం ఎత్తిన గొంతులకు కింది ఖోలీల ఉండే ముసలాయన తన టీవీ బంద్ చేసి మా ముచ్చటే విన్నడట. ఆ దినంకెల్లి నెలల కొద్ది ఇద్దరికీ మాటల్లేవు.

మాది ఒకటే ఇల్లు. నడుమ గోడ పెట్టుకొని రెండు కాపురాలు. అత్త మా దిక్కు పండుకుంటది, లేసి వాళ్ల దిక్కు చాయ్ తాగుతది. నల్లా ఒకటే, మెట్లు ఒకటే. గసొంటి ఇంట్ల మాటల్లేకుంట ఉండాల్నంటే అల్కటి పని కాదు, మస్తు కష్టపడాలె. నేను కష్టపడ్డ. ఆమె మెట్లెక్కి వస్తుంటే నేను గోడ దిక్కు తిరిగి లేని బూజును పరీక్షగ చూసేదాన్ని. నల్లా కాడ ఎదురుపడితే బకెట్ తోని మాట్లాడేదాన్ని. "నువ్వు నిండినవా? అయితే నడువు" అని. ఆమె కూడా తన బిందెకు జవాబు చెప్పేది. బిందె, బకెట్ రెండూ మాకన్న మర్యాదగ ఉండె.

నా బిడ్డ మరాఠీ బడిల చదివి ఇప్పుడు కాలేజీకి పోతున్నది. ఒకనాడు వచ్చి, "అమ్మా, ఈ శుక్రవారం బోరివలీల నేషనల్ పార్కుకు పోదాం. జంగల్ ఉంది, తలావ్ ఉంది, బోటింగ్ ఉంది. డోంగర్ మీద లేణీ గూడ ఉన్నయి" అన్నది.

"లేణీ అంటే ఏంది?"

"గుహలమ్మా. రెండు వేల ఏండ్ల కింద కొండను తొలిచి కట్టిండ్రు. బుద్ధుని బొమ్మలు ఇంత పెద్దగుంటయి."

డాక్టరు నన్ను నడువుమని చెప్పి చాన్నాళ్లైంది. మగ్గాలకు నూలు కండెలు చుట్టే మిషను ముంగట కూసుండి కూసుండి నా నడుము నా మాట వినుడు మానేసింది. సరే అన్న. నిజం చెప్పాల్నంటే నడుము కోసం కాదు. మా గల్లీల ఆడోళ్లు ఎన్నడూ పోని జాగకు నేను పోయిన అని చెప్పుకోవాల్నని. రెండు దినాలు ముందుగాలనే చెప్పుకునుడు కూడా షురూ చేసిన. నా బిడ్డ ఆటల బూట్లు నాకు సరిపోయినయి. చీర మీద అవి ఏస్కొని మా ఖోలీల ఆ గోడకెల్లి ఈ గోడ దాకా నడిచి చూసుకుంటే అత్త చూసి, "పోలీసోళ్లల్ల చేరినవా?" అన్నది.

శుక్రవారం పొద్దుగాల అత్తను తోల్కొని బస్ స్టాండుకు పోతే అక్కడ నా యారాలు నిలబడి ఉన్నది. ఒక చేతిల సంచి, నెత్తిల మల్లెపూలు. నా బిడ్డ మా ఇద్దరి దిక్కు చూడకుంట బస్సు బోర్డు దిక్కు చూస్తున్నది. ఆమెకు నేను వస్తున్న సంగతి చెప్పలేదట, నాకు ఆమె వస్తున్న సంగతి చెప్పలే. తిరిగి ఇంటికి పోదామా అనుకున్న. కానీ గల్లీల అందరికీ చెప్పిన. బూట్లు గూడ ఏస్కున్న. బస్సెక్కిన.

అత్త కిటికీ కాడ కూసున్నది. నేను ఈ పక్క. నడుమ పులిహోర డబ్బా పెట్టిన సంచి. నా యారాలు వెనుక సీట్ల నా బిడ్డ పక్కన. దారి పొడుగూతా లారీలు. బస్సు ఎద్దుబండి లెక్క పోయింది. అత్త ఒకపారి ముందటికి, ఒకపారి వెనుకకు తిరిగి, "ఇద్దరు కోడండ్ల నడుమ నేనే గోడనైన" అన్నది. ఎవలం నవ్వలే. నాకు నవ్వొచ్చింది గానీ వెనుకకెల్లి ఆమెకు కనబడతదని ఆపుకున్న.

పార్కు గేటు దాటి లోపలికి పోతే ఒక బోర్డు ఉన్నది. నేను తెలుగు బడిల ఏడో తరగతి దాకా చదివిన. మరాఠీ అక్షరాలు కూడబలుక్కొని సదువుత. నా యారాలికి సదువు రాదు. అందుకని జర గట్టిగనే సదివిన. "బి...బ...ట్యా."

"అంటే?" అని అత్త అడిగింది.

"ఒక రకం చెట్టు" అని చెప్పిన.

నా బిడ్డ కడుపు పట్టుకొని నవ్వింది. "అమ్మా, బిబట్యా అంటే చిరుతపులి. ఇక్కడ తిరుగుతుంటయి, జాగ్రత్త అని రాసిండ్రు."

అత్త మెల్లగ నా వెనుకకు వచ్చి, "నువ్వు ముందట నడువు" అన్నది. నా యారాలు చేతితోని నోరు మూసుకున్నది. నేను చూసిన.

తలావ్ కాడికి పోయినం. చుట్టూ వెదురు, పెద్ద పెద్ద చెట్లు, నీళ్ల మీద కాళ్లతోని తొక్కే పడవలు. నలుగురు కూసునేది ఒకటి తీస్కున్నం. మా నలుగురికీ నారింజ రంగు జాకెట్లు ఇచ్చిండ్రు, మునగకుంట. నా జాకెట్ బొందెలు ఒకదానికొకటి అందలే. పడవలాయన గుంజి గుంజి చూసి విడిచిపెట్టిండు. ఇగ కూసునేటప్పుడు అత్తను, నా బిడ్డను వెనుకకు పంపి మమ్మల్ని ఇద్దరినీ చూపించి, "వజన్‌దార్ లోగ్ ఆగే బైఠో" అన్నడు.

బరువున్నోళ్లు ముందట కూసోవాల్నట. అన్ని నెలలల్ల మేమిద్దరం ఒక్క మాట మీద ఉన్నది అప్పుడే. ఇద్దరం ఒకటేసారి ఆయన దిక్కు గుర్రుగ చూసినం. కానీ కూసున్నం. ఆ సీటు ఇద్దరికి సరిపోయేది కాదు. మాటల్లేవు గానీ భుజాలు, మోచేతులు, నడుములు అన్నీ కలిసే ఉన్నయి.

నడుమ ఒక కట్టె ఉన్నది, పడవను తిప్పేది. పెద్దకోడల్ని కాబట్టి నేను పట్టుకున్న. నా కన్న గట్టిగ ఆమె పట్టుకున్నది. నేను ఎడమకు గుంజితే ఆమె కుడికి గుంజింది. నేను ముందుకు తొక్కితే ఆమె తొక్కుడు ఆపింది. పడవ ఉన్న జాగలనే గిర్రున తిరిగింది. పక్కకెల్లి పడుచు పిల్లలు, పెండ్లైన కొత్త జంటలు హంసల లెక్క పోతున్నరు.

"అత్తా, ఎడమకు తిప్పుమని చెప్పు" అన్న.

"అత్తా, ఎడమ దిక్కు వెదురున్నది, కండ్లు కనబడతలేవా అని అడుగు" అని ఆమె.

"నేనేమన్న పోస్టుమ్యాన్‌నా?" అని అత్త కసురుకున్నది. "గానుగెద్దుల లెక్క తిరుగుతున్నరు. నా కండ్లు తిరుగుతున్నయి. నోళ్లు లేవా మీకు?"

వెనుక నా బిడ్డ మాట్లాడకుంట ఫోన్ల వీడియో తీస్తున్నది. అది చూసి నాకు పౌరుషం వచ్చింది. ఉన్న బలమంతా పెట్టి తొక్కిన. ఆమెకు కూడా గప్పుడే పౌరుషం వచ్చినట్టున్నది. ఇద్దరం ఒక్కసారే తొక్కినం. పడవ బాణం లెక్క పోయి ఒడ్డు మీద వంగిన వెదురు పొదల ఇరుక్కున్నది. నా నెత్తిల ఆకులు, ఆమె నెత్తిల మల్లెపూలు కొమ్మకు.

ఎనుకకు పోవాల్నంటే ఎట్ల తొక్కాల్నో ఎవలకూ తెల్వదు. ఒడ్డు మీదికెల్లి పడవలాయన సీటీ ఊదుతున్నడు. గా టైంల నా యారాలు నీళ్ల దిక్కు చూసి నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"అక్కా! మొసలి!"

నేను చూడనే లేదు. ఆమె కన్న పెద్దగ కేకేసి సీటు మీద లేసి నిలబడ్డ. పడవ ఒక పక్కకు ఒరిగింది. అత్త వెనుకకెల్లి నా జాకెట్ పట్టుకొని గుంజింది. అది ఎట్లాగూ కట్టుకోలే, ఊడి అత్త చేతిలకు పోయింది. నేను ధడాల్న కూలబడ్డ, సగం సీట్ల, సగం నా యారాలి ఒళ్ల. నీళ్లల్ల మొసలి మెల్లగ పక్కకు పొర్లింది. అది ఎండిపోయిన కొమ్మ.

పడవలాయన ఇంకో పడవల వచ్చి తాడేసి మమ్మల్ని గుంజుకపోయిండు. దారి పొంటి నా దిక్కు తిరిగి, "ఆంటీ, యే బోట్ హై, చక్కీ నహీ హై" అన్నడు. ఇది పడవట, తిరుగలి కాదట. తలావ్ల ఉన్న జనమంతా మా ఊరేగింపు చూసిండ్రు.

ఒడ్డెక్కినంక ఇద్దరికీ సిగ్గైంది. ఆమె నన్ను అక్కా అన్నది. కానీ అది మాట కాదు, కేక. కేక లెక్కల రాదని ఇద్దరం ఎవలకు వాళ్లం అనుకున్నం. నేను మళ్ల గోడ కోసం చూసిన. అడవిల గోడలు లేవు. ఒక చెట్టును చూసుకుంట నడిచిన.

గుహల కాడికి పార్కు బస్సు ఉన్నది. అడవి నడుమకెల్లి పోయి కొండ కింద దించింది. అక్కడ కోతులు. మెట్ల మీద, గోడల మీద, చెట్ల మీద మనుషుల కన్న ఎక్కువున్నయి. ముందుగాల తినేసి పైకి పోదామని ఒక చెట్టు కింద కూసున్నం. నేను నా డబ్బా తీసిన. ఆమె కూడా ఒక డబ్బా తీసింది. రెండు డబ్బాలల్ల పులిహోరే. అత్తకు పులిహోర ఇష్టమని ఇద్దరికీ తెల్సు మరి.

"ముందుగాల ఎవలది తినాలె?" అని అత్త భయపడ్డది. అత్త ఇన్నేండ్లల్ల ఎన్నో కష్టాలు చూసింది గానీ గంత భయపడంగ నేను ఎన్నడూ చూడలే.

ఆ కష్టం ఒక కోతి తీర్చింది. ఎటుకెల్లి వచ్చిందో నా డబ్బా లాక్కొని గోడెక్కింది. నేను బూటు తీసి చూపించిన. అది బెదరలే. మనిషి లెక్క కూసుండి, ఒక పిడికెడు తీసి, వాసన చూసి, నోట్ల పెట్టుకొని, నా కండ్లల్లకు చూసుకుంట ఉమ్మేసింది. తర్వాత డబ్బా తిరగేసి పులిహోరంతా కింద పోసింది. అట్లనే ఆగిపోతే నేను మరిచిపోయేదాన్నేమో. కానీ అది దిగి వచ్చి నా యారాలి డబ్బా దిక్కు చెయ్యి చాపింది.

నా యారాలు డబ్బాను చీర కొంగుల దాసి వెనుకకు తిరిగింది. భుజాలు ఊగుతున్నయి. ఏడుస్తున్నదా అనుకున్న. నవ్వుతున్నది. నా బిడ్డ నవ్వుతున్నది. అత్త పండ్లు లేని నోటితోని కండ్లల్ల నీళ్లొచ్చే దాకా నవ్వింది.

ఇగ ఆమెదే అందరం తిన్నం. ఆకు మీద ఇంత పెట్టి నా ముంగట జరిపింది. మస్తుగున్నది. చింతపండు, ఇంగువ, పల్లీలు అన్నీ సరిపోయినయి. నా జన్మల నేను గట్ల చేయలే. ఏదో ఒకటి అనాలె గదా అని, "ఉప్పు జర తక్కువైంది" అన్న.

నేరుగ ఆమెతోనే అన్న, అత్త ద్వారా కాదు. అది అన్నంక నాకు తెల్సింది. ఆమె నా మొఖం దిక్కు చూసి, "కోతిని పిలిచి అడుగుదామా అక్కా?" అన్నది.

మెట్లెక్కుడు షురూ చేసినం. నా బూట్లు మంచివే గానీ వాటిల ఉన్న కాళ్లు నావి. పది మెట్లెక్కితే ఒక జాగల ఆగి, చెట్టు మీద ఏదో పిట్టను చూస్తున్నట్టు చేసేదాన్ని. నా బిడ్డ వచ్చి, "ఏ పిట్ట అమ్మా?" అని అడిగితే చెప్పెటందుకు కూడా ఊపిరి లేదు. అత్త మాత్రం చీర కుచ్చిళ్లు ఎగజెక్కి, చెప్పులు చేతుల పట్టుకొని పైన నిలబడి మాకోసం ఎదురు చూస్తున్నది.

ఒక పెద్ద గుహల లోపలికి పోయినం. రెండు దిక్కుల రాతి స్తంభాలు, చివరకు గుండ్రటి స్తూపం. చల్లగ, చీకటిగ ఉన్నది. బయట గోడకు బుద్ధుడు, నిలువెత్తు కాదు, మనిషి మీద మనిషి నిలబడ్డా అందనంత. అత్త సంచిలకెల్లి కొబ్బరికాయ తీసింది. పక్కన చౌకీదారు చెయ్యి ఊపి వద్దన్నడు. అత్త కాయను మళ్ల సంచిల పెట్టుకొని చేతులు జోడించి నిలబడ్డది. "కండ్లకు ఎంత నిమ్మళంగున్నడు సూడు. ఇంట్ల కోడండ్లు లేనట్టున్నది" అన్నది.

లోపల కొంతమంది కండ్లు మూసుకొని ధ్యానంల కూసున్నరు. నేను చూడలే. మగ్గాల నడుమ పుట్టి పెరిగినోళ్లకు మెల్లగ మాట్లాడుడు రాదు. మా దగ్గర మెల్లగ మాట్లాడితే ఎవరో పోయిండ్రనుకుంటరు. నేను లోపల నిలబడి, "అత్తా! ఇటు రా! ఇక్కడ మస్తు సల్లగున్నది!" అని పిలిచిన. ఆ గుహ నా మాటను పట్టుకొని స్తంభం స్తంభానికి కొట్టి ఒక్కటి పది చేసి తిరిగిచ్చింది. కూసున్నోళ్లందరు ఒకటేసారి కండ్లు తెరిచిండ్రు. ఒకామె దండం పెట్టినట్టు నా దిక్కు చేతులు జోడించింది. భక్తి తోని కాదు.

సిగ్గు తోని బయటికి వచ్చి పక్కనున్న చిన్న గుహల దూరిన. అది ఒక్క మనిషికి సరిపోయే అర్ర. రాతిల తొలిచిన అరుగు, ఎనకట సన్యాసులు పండుకునేదట. కూసున్న. కొంచెం సేపటికి నా యారాలు వచ్చి పక్కన కూసున్నది. మళ్ల భుజాలు తాకినయి. బయట ఎండ, లోపల ఏ సప్పుడూ లేదు. నా చెవులల్ల మాత్రం మగ్గాలు మెల్లగ మోగుతనే ఉన్నయి.

"అక్కా, మేం నాగావ్‌కు పోతున్నం" అన్నది.

నాగావ్ అంటే భివండిలనే ఇంకో బస్తీ. నాకు అర్థం కాలే. "ఎందుకు? ఇప్పుడా?"

"దసరా అయినంక. ఆయన పనిచేసే షెడ్డు అక్కడికి మారింది. పక్కనే ఖోలీ చూసిండు. బావకు ఇంకా చెప్పలే. అత్తకు చెప్పలే. నీకు ఎట్ల చెప్పాల్నో నాకు తెల్వలే." గోళ్లతోని రాతిని గీకుకుంట కూసున్నది. "గప్పుడే మూత పలిగింది. మంచిదే అనుకున్న. కోపం మీద పోతే పోవుడు అల్కగైతది గదా."

ఇన్ని నెలలు ఆమె నా ముంగట నోరెత్తలేక ముడుచుకున్నదని నేను లోలోపల మురిసిన. గెలిచిన అనుకున్న. గల్లీల ఇద్దరు ముగ్గురికి చెప్పుకున్న గూడ. ఆమె ఏమో నా మీద కోపమే లేకుంట గిన్నెలు సర్దుకుంటున్నది. ఆ పక్క ఎవలూ లేని కొట్లాటల నేను ఒక్కదాన్నే గెలిచిన.

గసొంటప్పుడు మంచి మాట ఒకటి చెప్పాలె. పెద్దదాన్ని. నాకు దొరికిన మాట ఏందంటే, "పోతే పో. నల్లా నీళ్లన్న నాకు సరిపోతయి."

అన్నంక కొంగు తోని మొఖం తుడుచుకొని, "ఇక్కడ మస్తు చెమట పోస్తున్నది" అన్న. అందరికీ ఇక్కడ చల్లగున్నదని గుహ పగిలేటట్టు అరిచిన మనిషిని నేనే. ఆమె నా చెయ్యి తీస్కొని తన ఒళ్ల పెట్టుకున్నది. నా బిడ్డ వచ్చి గుహ ముంగట తొంగి చూసి, ఈసారి ఫోన్ తీయకుంట వాపస్ పోయింది.

అత్తకు బస్సుల చెప్పినం. ఏడుస్తదేమో అని ఇద్దరం ఆమెకు ఆ పక్క ఒకలం ఈ పక్క ఒకలం కూసున్నం. ఆమె మాత్రం, "పండుకునుడు పద్మనగర్‌ల, చాయ్ నాగావ్‌లనా? గంత దూరం రోజూ ఎట్ల పోవాలె?" అని అడిగింది. ఆమెకు అదొక్కటే చిక్కు. మేం ఎన్ని ఉపాయాలు చెప్పినా ఒప్పుకోలే. భివండి వచ్చే దాకా దాని మీదనే పంచాయతీ నడిచింది.

తెల్లారి మా ఇద్దరి మోకాళ్లు లేవలే. ఆ గోడ అవతల ఆమె మూలుగుతున్నది, ఇవతల నేను. అత్త ఒక చేతిల బామ్ డబ్బా పట్టుకొని ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరిగి ఇద్దరి కాళ్లూ రాసింది. రాసుకుంట, "చిరుత వస్తే ముందుగాల మీరే దొరుకుతరు" అన్నది.

దసరా అయినంక వాళ్లు పోయిండ్రు. టెంపోల సామాన్లు ఎక్కించేటప్పుడు మళ్ల కొట్లాడుకున్నం, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎవలదని. ఇప్పుడు వాళ్ల దిక్కు ఖోలీల ఎవరో కొత్త జంట ఉంటున్నరు, మెల్లగ మాట్లాడుకుంటరు, నాకు ఒక్క ముక్క వినబడదు. అత్త తన పంచాయతీ తనే తెంపుకున్నది. వారం మా కాడ, వారం వాళ్ల కాడ ఉంటున్నది.

పోయిన శుక్రవారం, అత్త వాళ్ల కాడున్న వారంల, నా యారాలిని చూడాల్ననిపించి రిక్షా ఎక్కి నాగావ్ పోయిన. చెప్పకుంట పోతే మురుస్తదని ఫోన్ చేయలే. తాళం ఏసున్నది. మెట్ల మీద కూసొని చానా సేపు చూసిన. ఇగ ఓపిక లేక ఫోన్ చేసిన.

"ఏడ తిరుగుతున్నవే? నేను మీ గుమ్మం ముంగట కూసున్న" అని గట్టిగ అడిగిన.

"నేను మీ గుమ్మం ముంగట కూసున్న అక్కా" అన్నది. "జల్ది రా. ఇక్కడ నీ తాళంచెవి ఏడ పెట్టినవో అత్తకు గూడ తెల్వదంటున్నది."